పియానో వాయించావు సరే... చదివేదెవరు?

పాత సినిమాల్లో హీరో పియానో ముందు కూర్చున్నాడంటే ప్రేక్షకుడికి రెండు సంగతులు వెంటనే తెలిసిపోయేవి. ఒకటి, హీరోయిన్‌కి వేరే వాళ్ళతో పెళ్ళి నిశ్చయమైంది. రెండు, ఆ పార్టీలో కూల్‌డ్రింకులు తాగుతున్న అంతమందిలోనూ హీరోకీ, హీరోయిన్‌కీ, మనకీ తప్ప ఆ బాధ ఇంకెవరికీ పట్టదు. హీరోగారి చేతులు మెట్ల మీద ఎడమవైపుకి వెళుతూంటే స్వరాలేమో పైస్థాయిలో గలగలమనేవి. ఫరవాలేదు, మనం చూసేది ఆయన కళ్ళనే గదా!

అసలు వాయించినవాడు మాత్రం మద్రాసులో ఏ రికార్డింగు థియేటర్‌లోనో ఒక మూల కూర్చుని, స్టాండు మీద పెట్టిన కాగితం చూస్తూ వాయించేసి, సంతకం పెట్టి డబ్బు పుచ్చుకుని, బస్సెక్కి వెళ్ళిపోయేవాడు. ఈ వారం కబుర్లు హీరో గురించీ కావు, ఆ వాద్యకారుడి గురించీ కావు. ఆ కాగితం గురించి.

కాగితం గురించి ఏముంటుందండీ అనుకోకండి. బొంబాయి సినిమా పాటకి అంత నిండుదనం వచ్చిందంటే సగం ఆ కాగితాల చలవే. సంగీత దర్శకుడు హార్మోనియం మీద బాణీ పాడితే, దాన్ని పాశ్చాత్య పద్ధతిలో అయిదు గీతల మీద రాసి, ఏ వయొలిన్ ఏం వాయించాలో, ఏ ట్రంపెట్ ఎక్కడ ఊరుకోవాలో పంచిపెట్టింది చాలావరకూ గోవా నుంచి వచ్చిన వాద్యకారులు. వాళ్ళలో ఆంథోనీ గోన్సాల్వెస్ ఒకరు. ఆయన దగ్గర చదువుకున్న ప్యారేలాల్ తరవాత లక్ష్మీకాంత్‌తో కలిసి సంగీత దర్శకుడయ్యాక, 1977లో ‘అమర్ అక్బర్ ఆంథోనీ’లో అమితాబ్ గుడ్డులోంచి బయటికొచ్చి పాడే పాటలో ఆ పేరే పెట్టారు. థియేటర్లో ఈలలు వేసినవాళ్ళలో ఎంతమందికి తెలుసు, ఆ పేరుగల మనిషి నిజంగా వున్నాడనీ, ఆయన చేసిన పని రాతపని అనీ?

ఇటు మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ అని ఒక గురువుగారుండేవారు. ఆయన దగ్గర పియానో, పాశ్చాత్య స్వరలిపి నేర్చుకున్న కుర్రాళ్ళలో పణ్ణైపురం నుంచి వచ్చిన రాజయ్య ఒకడు. మన ‘సాగర సంగమం’, ‘రుద్రవీణ’, ‘గీతాంజలి’ ఇళయరాజా ఆయనే. ఇళయరాజా రికార్డింగుకు వస్తే వాద్యాలన్నిటికీ కాగితాలు ముందే సిద్ధంగా వుండేవట. వాద్యకారులు చూస్తారు, వాయిస్తారు, అంతే. 2000లో వచ్చిన ‘హే రామ్’కి పాటలన్నీ చిత్రీకరించాక సంగీతం మార్చవలసివస్తే, తెరమీద పెదవుల కదలికకి సరిపోయేటట్టు కొత్త బాణీలు కట్టి, బుడాపెస్ట్ తీసుకెళ్ళి అక్కడి వాద్యబృందంతో వాయింపించారాయన. ఆ హంగేరీ వాళ్ళకి తమిళం రాదు, కథ తెలియదు, కమలహాసన్ ఎవరో తెలియదు. వాళ్ళ చేతిలో వున్నది కాగితమొక్కటే! మొన్న 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఆయన ‘వేలియంట్’ సింఫనీ వాయించినప్పుడూ వాళ్ళని నడిపింది కాగితాలే.

సరే, వాళ్ళంతా మహానుభావులు, చేత్తో రాయగలరు. మన దమ్మాయిగూడ కుర్రాళ్ళ మాటేమిటి?

ఇదిగో, ఇక్కడికొచ్చింది అసలు కథ. ఈసీఐఎల్ చౌరస్తా దాటి నాగారం వైపు వెళ్ళే దోవలో, దమ్మాయిగూడ చుట్టుపక్కల, పైకి మామూలు అద్దె ఇళ్ళలా కనిపించే వాటిల్లో చిన్న చిన్న రికార్డింగు గదులు కొన్ని వున్నాయి. కింద కిరాణా కొట్టు, పైన సంగీతం! గోడలకి నల్ల స్పాంజి అట్టలు, కిటికీకి పాత పరుపు, ఒక కంప్యూటరు, ఒక కీబోర్డు, రెండు స్పీకర్లు. మంచినీళ్ళ ట్యాంకరు హారన్ కొడితే రికార్డింగు ఆగుతుంది. పక్క వీధిలో బారాత్ వస్తే ఆ పూట దుకాణం బందు. అయినా పని జరుగుతూనే వుంటుంది. పెళ్ళి వీడియోలకి, షార్ట్ ఫిల్ములకి, బతుకమ్మ పాటలకి, చర్చి ఆల్బములకి, అప్పుడప్పుడూ అదృష్టం తలుపు తడితే సినిమాకి. అటు నాచారంలో రామారావుగారి రామకృష్ణ స్టూడియో వుండడంతో ఈ తూర్పు దిక్కుకి సినిమా గాలి ఏనాడో సోకింది లెండి.

అలాంటి గదిలో పనిచేసే ఒక కీబోర్డు కుర్రాడు (పేరెందుకు, సిగ్గుపడతాడు) చర్చిలో వాయిస్తూ చెవితో నేర్చుకున్నవాడు. స్వరలిపి అక్షరాలు గుర్తుపడతాడు గానీ గడగడా చదవలేడు. ఒక కొత్త చిత్రంలో పతాక సన్నివేశానికి ముందు మూడు నిమిషాల పైచిలుకు పియానో బిట్టు అతనికి అప్పగించారు. 64 బార్లు. కట్టాడు, బాగా కట్టాడు. దర్శకుడికి నచ్చింది. నచ్చి ఊరుకోకుండా, “దీన్ని నిజం పియానో మీద వాయించి రికార్డు చేయించు. శనివారంలోపల రాకపోతే ఇప్పుడున్న కంప్యూటర్ సౌండే పెట్టేద్దాం” అన్నారు. ఉత్తి కీబోర్డు మీద ముక్కలు ముక్కలుగా వాయించి అతికించడం వేరు, బరువైన మెట్లున్న అసలు పియానో మీద మొదటినుంచి చివరిదాకా వాయించడం వేరు. అందుకని సికింద్రాబాదులో ఎన్నో ఏళ్ళుగా పియానో పాఠాలు చెబుతున్న ఒక పెద్దావిడని బతిమాలి ఒప్పించాడు. పియానో వున్న హాలు మూడు గంటలకి అద్దెకి తీసుకున్నాడు, తన జేబులోంచే. నేనూ వెళ్ళాను.

సాఫ్ట్‌వేర్‌లో ‘స్కోర్’ అని వున్న చోట నొక్కి ప్రింటు తీసి పట్టుకొచ్చాడు. 11 పేజీలు! ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని మొదటి పేజీ చూశారు. రెండోది చూశారు. మూడోది చూడలేదు.

“బాబూ, ఇది సంగీతమా, చీమల పుట్టా?”

“మేడమ్, నేను వాయిస్తే మంచిగనే వచ్చింది గదా? కాయితం మీద గిట్లెందుకు పడ్డది?”

“నువ్వు వాయించింది మంచిగానే వుంది నాయనా. అది అట్లాగే రాసి పెట్టింది. అదే వచ్చిన చిక్కు.”

ఆ పూట రికార్డింగు జరగలేదు. హాలు అద్దె మాత్రం జరిగింది.

ఆవిడ అన్న మాటలోనే కిటుకంతా వుంది. 1983లో మిడీ అనే పద్ధతి వచ్చింది. అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ కంపెనీ పెట్టిన కకెహషీ, ఇద్దరూ పూనుకుని వేర్వేరు కంపెనీల కీబోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటట్టు చేశారు. ఆ భాషలో సంగీతం లేదు, లెక్కలే వున్నాయి. ఏ మెట్టు నొక్కావు (0 నుంచి 127 వరకూ ఒక అంకె), ఎంత గట్టిగా నొక్కావు (అదీ ఒక అంకె), ఎప్పుడు నొక్కి ఎప్పుడు వదిలావు. ఇంతే. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒక్క బీటుని 960 ముక్కలు చేసి, నీ వేలు ఏ ముక్క దగ్గర దిగిందో రాసుకుంటాయి. మనిషి వేలు గడియారం కాదు గదా! 40 ముక్కలు ఆలస్యంగా దిగిందనుకోండి. ఇతగాడి నడకలో అది సెకండులో ముప్పయ్యో వంతు కూడా రాదు, చెవికి ఆనదు, పైపెచ్చు అందులోనే వుంటుంది ప్రాణం. కానీ కంప్యూటరు ఆ సందుకి కూడా ఒక విరామ చిహ్నం, దాని పక్కన తోకలున్న చిన్న స్వరం, దానికొక ముడి, ఇలా నిజాయితీగా అచ్చు వేసేస్తుంది. కోర్టు గుమాస్తా సాక్షి దగ్గిన దగ్గు కూడా రికార్డులోకి ఎక్కించినట్టు!

ఆ రాత్రీ మర్నాటి రాత్రీ కూర్చుని ఆ దగ్గులన్నీ తీసేశాడు మనవాడు. పక్కన కూర్చుని చూశాను గనుక చెబుతున్నాను. ఇంట్లో కీబోర్డు, కంప్యూటరు పెట్టుకుని కలలు కంటున్న పాఠకులు మీలో చాలామంది వున్నారని వుత్తరాలు చూస్తే తెలుస్తూనే వుంది.

అన్నిటికన్నా ముందు అతను చేసిన మంచి పని, ట్రాకుని నకలు తీసి పెట్టుకోవడం. ఒకటి వినడానికి, ఒకటి చదవడానికి. వినే దాన్ని ముట్టుకోకూడదు. కాగితం శుభ్రంగా రావాలని అసలు ట్రాకులో స్వరాలన్నిటినీ గీత గీసినట్టు సర్దేస్తే పాట కాస్తా టైపు మిషనులా తయారవుతుంది. లాజిక్ లాంటి సాఫ్ట్‌వేర్లో కంటికి మాత్రమే సర్దే ఏర్పాటు విడిగా వుంది. వాయిదా మారదు, అచ్చు మారుతుంది. అక్కడ 16, 24 అని రెండంకెలు జంటగా వుంటే, మామూలు స్వరాల మధ్య లేనిపోని మూడేసి గుంపులు పుట్టుకొస్తాయి. తిన్నగా నడిచే భాగానికి 16 ఒక్కటే పెట్టాడు. మొదటి రెండు పేజీల్లో సగం చీమలు అప్పుడే పోయాయి. ఆ పక్కనే ఇంకో మూడు మీటలు. ఒకటి చిన్నచిన్న విరామాలని మింగేసి స్వరాన్ని నిండుగా చూపిస్తుంది, ఒకటి బీటు దాటి సాగే స్వరాన్ని ముక్కలు చేసి ముళ్ళు వెయ్యకుండా ఒక్కటిగా చూపిస్తుంది, ఒకటి ఒకదాని మీద ఒకటి ఎక్కిన స్వరాలని విడదీస్తుంది. మూడూ ఒకేసారి నొక్కేసి చేతులు దులుపుకుంటే మాత్రం నిజంగా వుండవలసిన విరామాలు కూడా పోతాయి. బిట్టులో ఒకచోట నాయిక మాట్లాడబోయి ఆగుతుంది, అక్కడ పియానో కూడా ఆగాలి. ఆ ఖాళీ కాస్తా కాగితంలోంచి మాయమైంది. మళ్ళీ తెచ్చి పెట్టాడు.

మధ్యలో 16 బార్లు తీన్మార్ నడక. దర్శకుడి కోరిక లెండి, విషాదంలోనూ ఊరేగింపు వినిపించాలని. తీన్మార్ అంటే తిశ్రం, బీటుని మూడుగా పంచుకుని నడిచేది. దాన్ని నాలుగుల గడిలో కూర్చోబెట్టబోతే కంప్యూటరు గింజుకుని గింజుకుని ప్రతి బార్‌కీ ఒక చిక్కుముడి వేసింది. ఆ పదహారు బార్ల వరకూ కొలతనే 6/8కి మార్చాడు. ఎవరో దువ్వెనతో దువ్వినట్టు స్వరాలన్నీ మూడేసి చొప్పున వరసలో నిలబడ్డాయి. 2023లో ఆస్కార్ తెచ్చిన మన ‘నాటు నాటు’ నడక కూడా 6/8యే. దాన్ని నాలుగుల్లో రాయించి చూడండి, ఇద్దరు హీరోల కాళ్ళూ మెలికపడతాయి!

ఇక రెండు చేతుల తగాదా. పియానో కాగితానికి రెండు అంతస్తులు, పైది కుడిచేతికి, కిందది ఎడమచేతికి. కంప్యూటరుకి చేతులుంటాయని తెలియదు. 60వ నంబరు మెట్టు దగ్గర గోడ కట్టి, అవతలివన్నీ పైకి, ఇవతలివన్నీ కిందికి తోసేసింది. ఎడమచెయ్యి కాస్త పైకి ఎగబాకితే ఆ స్వరాలు కుడిచేతి పద్దులో పడ్డాయి. ఫలితం? కుడిచేతికి పదకొండు మెట్ల వెడల్పు తీగలు, ఎడమచేతికి ఖాళీ. అలా వాయించాలంటే దశకంఠుడి చుట్టం కావాలి. దీనికి మీట లేదు. తనే కీబోర్డు మీద వేళ్ళు పెట్టి, ఏ స్వరం ఏ చేత్తో వాయించాడో గుర్తు తెచ్చుకుంటూ ఒక్కొక్కటీ అటూ ఇటూ మార్చాడు. మొదటి రాత్రంతా దానికే సరిపోయింది. నా మటుకు నాకు అతని పనిలో అన్నిటికన్నా విలువైనది ఇదే అనిపించింది. కుడిచేతిలో ఒక స్వరం సాగుతూండగా కిందనే చిన్న స్వరాలు పరుగెడుతుంటే, వాటిని రెండు గొంతులుగా విడదీసి, ఒకదాని కాడలు పైకీ ఇంకోదాని కాడలు కిందికీ పెట్టాడు. ఒకేసారి కాకుండా కింద నుంచి పైకి జల్లుమని దొర్లించిన తీగలు మెట్లమెట్లుగా అచ్చయితే, వాటిని ఒక్క నిలువు కట్టగా చేర్చి పక్కన వంకర గీత పెట్టాడు. పెడల్ నొక్కి వదిలిన ప్రతిసారీ పడ్డ గుర్తుల్ని ఏరేసి, తీగ మారే చోట్ల మాత్రం వుంచాడు.

చివరిది అన్నిటికన్నా సొగసైన చిక్కు. కుర్రాడు ఎత్తుకున్నది కీరవాణి. (సంగీత దర్శకుడు కాదండోయ్, రాగం!) 21వ మేళకర్త. షడ్జమాన్ని ఏ మీద పెట్టుకున్నాడు గనుక కాకలి నిషాదం 68వ మెట్టు మీద పడింది. నల్ల మెట్టు. దానికి రెండు పేర్లు, జి షార్ప్, ఏ ఫ్లాట్. మిడీకి అంకె తప్ప పేరు తెలియదు గనుక కంప్యూటరు ఒకచోట ఇదీ ఒకచోట అదీ వేసింది. ఏదైతేనేం, మోగేది ఒకటే గదా అంటారా? మన సంగీతం నేర్చుకున్నవాళ్ళని అడగండి. షట్శ్రుతి రిషభం, సాధారణ గాంధారం హార్మోనియం మీద ఒకే మెట్టు. కానీ చలనాట పాడేవాడికి అది ‘రి’, కీరవాణి పాడేవాడికి ‘గ’. మనకి స్థానాలు పన్నెండే, పేర్లు పదహారు. ఊరికే పెట్టలేదు వాటిని. ఇక్కడ ఏ ఫ్లాట్ అని రాస్తే ‘ని’ వుండవలసిన చోట దిగజారిన ‘స’ కనిపిస్తుంది. చదివే కన్ను ఒక్క క్షణం తడబడుతుంది. ఆ క్షణమే రికార్డింగులో తప్పు స్వరం. 68వ మెట్టు వచ్చిన చోటల్లా జి షార్ప్ అని దిద్దుకుంటూ పోయాడు.

అంతా అయ్యాక ప్రతి ఎనిమిది బార్లకీ ఒక అక్షరం, బార్లకి నంబర్లు, పేజీ తిప్పవలసిన చోట చేతికి కాస్త ఖాళీ. 11 పేజీలు 4కి దిగాయి. ప్రింటు తీసి, ఆ బిట్టు ఎన్నడూ వినని స్నేహితుడి చెల్లెలికిచ్చాడు. ఆ అమ్మాయి పియానో గ్రేడు పరీక్షలకి చదువుతోంది. నెమ్మదిగానైనా తడుముకోకుండా వాయించేసింది. గురువారం మళ్ళీ హాలు, ఈసారి గంటే. పెద్దావిడ ఒకసారి కళ్ళతో చదివారు, ఒకసారి మెల్లగా వాయించారు, మూడోసారి రికార్డు చేశారు. మొత్తం 40 నిమిషాలు. నాయిక ఆగే చోట ఆవిడ ఆగిన తీరుకి కుర్రాడు అటు తిరిగి గోడ చూశాడు. నేను నా నోటు పుస్తకం చూశాను.

పని చేసుకునేవాళ్ళకి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి స్వరలిపి మార్చేటప్పుడు మిడీ ఫైలు పంపితే మీరు దిద్దిందంతా పోయి మళ్ళీ అంకెలే మిగులుతాయి. 2004 నుంచి మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే పద్ధతి వుంది, అందులో పేర్లూ, గొంతులూ, కాడలూ కూడా వెళతాయి. మ్యూజ్‌స్కోర్ అయితే ఉచితం, డబ్బు లేదని బెంగ అక్కర్లేదు. రెండోది, ఏ సాఫ్ట్‌వేర్నీ పూర్తిగా నమ్మకండి. 1988 నుంచి లోకమంతా వాడిన ఫినాలేని 2024 ఆగస్టులో ఆ కంపెనీ ఇక చెయ్యబోమని చెప్పేసింది. ఆ ఫైళ్ళు తప్ప ఇంకేమీ దాచుకోనివాళ్ళు తలలు పట్టుకున్నారు. పీడీఎఫ్ ఒకటి, కాగితం ఒకటి బీరువాలో పెట్టుకోండి. పాత తెలుగు పాటలతో కచేరీ చెయ్యబోయే ఏ ఆర్కెస్ట్రా వాళ్ళనైనా అడిగి చూడండి. ఆనాటి కాగితాలు దొరక్క, రికార్డు పదేపదే వింటూ వయొలిన్లు ఏం వాయించాయో చెవితో ఏరుకున్న కథలు చెబుతారు.

సినిమా టైటిల్సులో దమ్మాయిగూడ కుర్రాడి పేరు వుంటుందో లేదో తెలియదు. వున్నా, సీట్లలోంచి లేచి చెప్పులు వెతుక్కునే సమయంలో పైకి పరుగెడుతుంది. ఆ నాలుగు పేజీల్లో మాత్రం మొదటి దాని మీద కుడివైపు చిన్న అక్షరాల్లో వుంది. పెద్దావిడ ఒక కాపీ అడిగి తీసుకున్నారు, పై తరగతి పిల్లలకి నేర్పుతారట.

వచ్చే వారం: డప్పు శబ్దాన్ని మైకు ఎందుకు భరించలేదు?